తరుగు

ఎనుమాముల యార్డుల నా నౌకరి కాంటా కాడ.
బస్తా ఎక్కుతది, ఎర్ర అంకెలు కొంచెంసేపు తడబడి నిలుస్తయ్,
నేను గట్టిగ చదువుతా, పుస్తకంల రాస్తా.
అటెనుక తరుగు:
తేమకింత, తాలుకింత, గోనెసంచికింత.
బస్తా తెచ్చినోని మొఖం నేను చూడ.

ఓ పగటీలి, హమాలీలు సద్దులిప్పినంక
ఎవ్వలు చూస్తలేరని నేనే ఎక్కిన.
నూట ఆరు కిలోల మూడు వందల గ్రాములు.
చెప్పులు, బెల్టు, జేబుల తాళంచెవులు,
ఎన్ని తీసిపెట్టినా నూట అయిదు కిందికి దిగదు లెక్క.

తెల్లారి వడ్డేపల్లి చెరువు కట్టకు పోయిన.
పోలీసు నౌకరికి ప్రాక్టీసు చేసే పోరగాండ్లు
వాగుల బండను నీళ్ళు దాటినట్టు
నాకు రెండు దిక్కుల నుంచి దాటిపోయిండ్రు.
ఒకడు "సైడ్ సార్" అన్నడు, లారీకి చెప్పినట్టు.
పది కిలోమీటర్లకు గంటా ముప్పై ఒక్క నిమిషం,
అందుల ఆఖరి మూడు నడకనే.
తొడలు ఒరుసుకొని మండితే రాత్రి కొబ్బరినూనె రాసుకుంటున్న,
మా ఆమె గోడ దిక్కు తిరిగి నవ్వింది.

నెల దినాలు గట్లనే:
మొదట ఉరికి, నడుమ చచ్చి, చివరికి ఈడ్సుకుంట.
బరువున్నోనికి దమ్ముండదని నేనే ఒప్పుకున్న.
లూనావత్ సరోజ, నెక్కొండ దిక్కు తండా పిల్ల,
ఆమె కూడ ఆ నౌకరికే తయారయితున్నది,
బూటు లేసు కట్టుకుంట అడిగింది:
"అన్నా, మొదటి కిలోమీటర్ల ఎవ్వల్ని గెలుద్దామని?"
నాకు జవాబు దొర్కలే.
"మాట్లాడుకుంట ఉరుకు. మాట తెగిందంటే
నీది కాని ఉరుకుడు ఉరుకుతున్నట్టు."

అడుగు సంగతి మాత్రం హమాలీ ఎల్లస్వామి చెప్పిండు.
మోకాళ్ళ నొప్పులని కుంటుతుంటే చూసి,
"బస్తాను దబ్బున పడేస్తమా సార్?
మోకాలు జర వంచి, చప్పుడు కాకుంట దించుతం.
నిన్ను నువ్వు గట్ల దించుకోవాలె."

పొద్దుగాల అయిదింటికి ఏం మాట్లాడాలె?
నాకొచ్చినయి ధరలే.
"తేజ... పద్దెనిమిది వేల రెండు వందలు.
వండర్ హాట్... పదహారున్నర.
మూడు నాలుగు ఒకటి..."
చపాటా కాడికి వచ్చేసరికి గాలి పురాగ అయిపోయేది.
రాను రాను చపాటా దాటి పత్తికి, పత్తి దాటి మక్కలకు,
ఓ దినం పసుపు దాక తెగకుంట చెప్పిన.
ముంగట నుంచి ఆమె నవ్వుడు వినబడ్డది.

గంటా ఇరవై రెండు.
ఎండాకాలంల తగ్గుడు లేదు, ఇంక రెండు పెరిగింది.
వానలు పడ్డంక గంటా పదిహేను.
చౌరస్తల బూట్లు కుట్టేటాయన అడుగు తిరగేసి చూసి
"ఈసారి మడిమ తక్కువ అరిగింది సార్" అన్నడు,
డాక్టరు రిపోర్టు చదివినట్టు.
మంచు పడే దినాలల్ల గంటా తొమ్మిది.
కాంటా ఎక్కితే నూట రెండు కిలోలు.
ఇరవై రెండు నిమిషాలు ఎటు పోయినయో
ఆ మిషిన్ల కనబడదు.

సరోజకు ఉరుకుడుల మంచి మార్కులే వచ్చినయ్.
లాంగ్ జంపుల రెండు వేళ్ళంత తక్కువ.
ఫోన్ల చెప్పింది,
ధర చెప్పినట్టు, మాట తెగకుంట.

ఫిబ్రవరిల వాళ్ళ నాయిన మిర్చి తెచ్చిండు, పదకొండు బస్తాలు.
"అన్నా, నాయిన వస్తుండు, జర చూడు" అని ముందే చెప్పి ఉన్నది.
చూసిన. తాలు లేదు. తేమ లేదు.
పిడికిట్ల పట్టి ఊపితే గింజ గలగల అన్నది.
కొనేటోడు బస్తాకు కిలోన్నర అన్నడు.
నేను కలం పట్టుకొని తల లేపిన,
ఆ ముసలాయన నన్నే చూస్తున్నడు,
బిడ్డ చెప్పిన మనిషి వీడే కావొచ్చు అన్నట్టు.
రాసిన.

తెల్లారి కట్ట మీద మొదటి కిలోమీటరే
పానం పోయేటట్టు ఉరికిన.
ఒక్క ధర నోట్లకు రాలే.